పదిహేడో నంబరు రంగు

మే 11

ఇంజన్ వచ్చింది.

గూడ్సు బండి వెనక కట్టి ఈడ్చుకొచ్చారు. ఇరుసులకు ఎంత గ్రీజు పెట్టినా దారంతా కీచుమంటూనే వచ్చిందట. మా బిన్ లాక్ స్టేషన్‌లో మూడో లైను చివర, పట్టాలు ఆగిపోయే చోట నిలబెట్టారు. మా క్వార్టర్సుకు సరిగ్గా ఎదురు. వరండాలో కుర్చీ వేసుకుంటే దాని ముక్కు కనపడుతుంది. ఆ చోటు కోసం ఏడాదిపాటు స్టేషన్ మాస్టరు వెనక తిరిగాను. తుక్కు కింద పోవలసిన దాన్ని పార్సిల్ ఆఫీసు గుమాస్తా ఒకడు అడుక్కుని తెచ్చుకున్నాడని ఈపాటికి లైను పొడుగునా నవ్వుకుంటూ ఉంటారు. నవ్వుకోనీ, నవ్వితే నాదేం పోయింది.

యుద్ధకాలంలో అమెరికా నుంచి ఓడల్లో దిగిన డీజిల్ ఇంజన్లలో ఇదొకటి. ఎన్నో నంబరో తెలియదు, ఫలకం ఎవరో పీక్కుపోయారు. ఇప్పుడున్న ఎరుపూ మీగడ రంగు పట్టీ తర్వాత వేసిన వేషం. మొదటి వేషం ఏమిటో కనుక్కుని, మళ్లీ అది వెయ్యాలి. మామగారు లూ ఇలాంటి బండికే డ్రైవరు. ఆయన నడిపింది పదిహేడో నంబరు. వంతెన మీద మందుపాతర పేలి ఆయన పోయేనాటికి మా ఆవిడ మియెన్‌కు ఎనిమిదేళ్లు. ఇది ఆ పదిహేడే అయితే? కాకపోయినా దాని తోడబుట్టినదే కదా. ఆయన తద్దినం ఏడో నెల పన్నెండో తిథి. ఆ రోజుకి రంగు వేసి సిద్ధం చేసి మియెన్‌ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించాలి. మాకు పిల్లలు లేరు, బంగారం లేదు. భార్యకు ఇవ్వడానికి నా దగ్గర ఉన్నది ఇదొక్కటే.

మియెన్ బయటికి రాలేదు. దుమ్ము వస్తోందని కిటికీ మూసింది.

మే 12

మియెన్ దాలాత్ వెళ్లింది. వాళ్లక్క థోకి పిత్తాశయంలో రాళ్లు, ఆపరేషను చేస్తారు. పది రోజుల్లో వచ్చేస్తానంది. రెండు పూటలకు సరిపడా చేపల కూర వండిపెట్టింది.

బస్సు ఎక్కుతూ, "నేను లేకపోతే నీకు తోచదేమో అనుకున్నాను. తోడు తెచ్చుకున్నావుగా" అంది. నవ్వుతూనే అంది.

మే 14

రంగు చదవడం మొదలుపెట్టాను. కత్తితో గీకేస్తే పనికిరాదు. తడి సాండ్‌పేపరుతో ఒకేచోట గుండ్రంగా, ఓపిగ్గా రుద్దాలి. రుద్దేకొద్దీ పై రంగు అరిగి, కింది రంగులన్నీ వలయాలుగా తేలతాయి, ఉల్లిపాయను అడ్డంగా కోసినట్టు. నడిమధ్య ఉన్నది అన్నిటికంటే పాతది.

డ్రైవరు గది తలుపు అంచున మొదలుపెట్టాను. ఎరుపు, దానికింద ఇంకో ఎరుపు, దానికింద తుప్పు రంగు అస్తరు పూత, నడిమధ్య అరటాకు రంగు. పెళ్లయిన కొత్తలో మియెన్ చెప్పింది: "నాన్న బండా? సాన్." ఇన్నేళ్లూ సాన్ అంటే నా కళ్ల ముందు నిలిచింది అచ్చం ఈ అరటాకే.

భోజనం మర్చిపోయాను. మూడింటికి నూడుల్స్ బండి నడిపే ఏడో అక్క గిన్నె పట్టుకుని పట్టాలు దాటి వచ్చింది. ఇంట్లో ఏడో సంతానం కాబట్టి ఊరందరికీ ఆవిడ ఏడో అక్కే.

"ఖియెమ్, తిను. పెళ్లాం ఊరెళ్లిందో లేదో ఇంజన్‌కి నలుగు పెడుతున్నావని అందరూ చెప్పుకుంటున్నారు."

"రంగు చూస్తున్నానక్కా."

"పెళ్లాం జుట్టుకి రంగు వేసుకుందో లేదో ఎప్పుడైనా చూశావా?"

వేసుకుంటుందా? తెలియదు. రాగానే చూడాలి.

మే 20

ఇంట్లో పూజ అరమీద మామగారి ఫోటో లేదు. అగరుబత్తీ వెలిగించబోతుంటే చూశాను. ఎన్ని రోజులనుంచి లేదో. ఫోటో ఉన్న చోట దుమ్ము లేని నలుచదరం మిగిలింది. ఫ్రేముకు చెద పట్టిందని ఆ మధ్య అంటూ ఉండేది. దాలాత్‌లో మంచి పటాల దుకాణాలు ఉంటాయి. మార్పించడానికి పట్టుకెళ్లి ఉంటుంది.

అత్తగారి ఫోటో మాత్రం ఉంది. ఆవిడకే వెలిగించాను.

మే 29

ఆపరేషను బాగా జరిగిందని థో వదిన కబురు చేసింది. మియెన్ రాలేదు. కోసిన కడుపు, ఇంకొన్నాళ్లు చూసుకోవాలి కదా.

ఇవాళ సూ తాత వచ్చాడు. వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి ఎప్పుడో మానేశాడు. ఇప్పుడు ఆయన పనల్లా చదరంగం ఆడటం, ఆడేవాళ్లను తిట్టడం. చేతులు వెనక్కి కట్టుకుని ఇంజన్ చుట్టూ తిరిగాడు. గది కిందికి వంగి టార్చి వేసి చూశాడు.

"ఇది ఒక ఇంజన్ కాదురా. రెండు."

"అంటే?"

"అతుకు చూడు. చట్రం ఒకదానిది, గది ఇంకోదానిది. అప్పట్లో అంతే. ఒకటి పేలిపోతే దాని కాళ్లు, ఇంకోటి కాలిపోతే దాని తల. రెంటినీ కలిపి ఒకటి చేసి పట్టాలెక్కించేవాళ్లు. నాకు తెలిసి మా బావమరిది సంసారం కూడా అలాంటిదే."

నేను రుద్దింది గదిని. అంటే అరటాకు రంగు గది తాలూకుది. చట్రం కథ వేరే. మళ్లీ మొదటికి వచ్చాను. అయినా ఎందుకో సంతోషంగా ఉంది, ఇంకా బోలెడు పని మిగిలి ఉన్నట్టు.

జూన్ 3

రాలేదు.

జూన్ 9

దొరికింది.

ముందువైపు కొక్కెం కింద, చట్రం చివర గ్రీజు పిడచలు పిడచలుగా పేరుకుపోయింది. కిరోసిన్ పోసి గరిటెతో తీశాను. (ఇంట్లో గరిటె. కొత్తది కొనాలి.) ఇనుములోకి సుత్తితో దిగ్గొట్టిన అంకెలు, వేలు పెట్టి తడిమితే తెలుస్తున్నాయి. ఒకటి, ఏడు. తలుపు బందు మీద వెతికితే ఇరవై మూడు. తల ఇరవై మూడుది, కాళ్లు పదిహేడువి.

మామగారి బండి. ఆ రోజు వంతెన మీద ఉన్నది ఇదే.

పట్టాల మధ్య చతికిలబడి చాలాసేపు ఉండిపోయాను. ఏడ్చాను కూడా. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు, నా పెళ్లినాటికి పోయి పన్నెండేళ్లు దాటింది. అయినా సొంత మామగారు ఇంటికొచ్చినట్టే అనిపించింది. చట్రానికున్న, ఆయన ఎక్కిన మెట్టుని గుడ్డ పెట్టి తుడిచాను.

మెట్టు వెనక, ఎండ తగలని చోట రంగు చదివాను. నడిమధ్య అరటాకు లేదు. నీలి అస్తరు ఉంది. అస్తరే అయి ఉంటుంది.

జూన్ 10

మియెన్‌కు ఫోన్ చేశాను. వదిన ఎత్తింది. స్నానం చేస్తోందంది. తర్వాత చేయిస్తానంది.

జూన్ 13

స్నానం అయిపోయే ఉంటుంది.

జూన్ 21

ఆస్ట్రేలియా నుంచి ఒక ముసలాయన వచ్చాడు. దేశదేశాలు తిరిగి పాత డీజిల్ ఇంజన్ల రంగులు రాసుకోవడం ఆయన సరదా. నాలాంటివాడు ఇంకొకడు భూమ్మీద ఉన్నాడంటే నాకు ప్రాణం లేచొచ్చింది. మాట్లాడటానికి హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే చామ్‌ను పిలిపించాను. అందరం ఏడో అక్క బండి దగ్గర ప్లాస్టిక్ పీటల మీద కూర్చుని ఐసు టీ తాగాం.

పదిహేడుకు మొదట ఏ రంగు అని అడిగాడాయన. "సాన్" అన్నాను. చామ్ నోరు తెరిచి ఆగిపోయింది.

"ఏ సాన్ బాబాయ్?"

"సాన్ అమ్మా. అదే చెప్పు."

"అదే చెప్పడానికి వాళ్ల భాషలో లేదు. మనం ఆకునీ సాన్ అంటాం, ఆకాశాన్నీ సాన్ అంటాం, సముద్రాన్నీ అంటాం. వాళ్లకు ఆకుకో మాట, ఆకాశానికో మాట. ఏదో ఒకటి చెబితేగాని వాక్యం ముందుకు కదలదు."

"ఆకు సాన్" అన్నాను.

"మీరు చూశారా?"

"మా ఆవిడ చూసింది."

"పిన్ని ఆకు సాన్ అన్నారా?"

సాన్ అంది. అంతే అంది. ఆకుని తగిలించుకున్నది నేను. అంటే మెట్టు వెనక ఉన్న నీలం అస్తరు కాకపోవచ్చు. అదీ సానే. రెండు ఓడల్లో వచ్చిన సరుకైతే రెండు రంగులూ నిజమే కావచ్చు, తల ఆకు, కాళ్లు సముద్రం. నీలం పొర మరీ పల్చగా ఉంది, దాన్నిబట్టి ఒట్టేసి చెప్పలేను. కళ్లారా చూసినవాళ్లు చెప్పాలి.

పాపం ఆ ముసలాయన తన పుస్తకంలో ప్రశ్నార్థకం పెట్టుకుని వెళ్లాడు.

జూన్ 22

కళ్లారా చూసినవాళ్లు ఎవరున్నారో రాసుకుందామని కూర్చున్నాను. సూ తాత యుద్ధం అయ్యాక బదిలీ మీద వచ్చాడు, చూడలేదు. ఏడో అక్క ఈ ఊరికి కోడలుగా వచ్చిందే ఆ తర్వాత. పాత గార్డు ఒకాయన బాదో గ్రామంలో ఉన్నాడట, వెళ్లాలి. గుడి దగ్గర పువ్వులమ్మే ముసలావిడ స్టేషన్‌లో ఐసు అమ్మేదట, ఆవిడనీ అడగాలి.

మియెన్‌ను ఊరికే ఇబ్బంది పెట్టడం ఎందుకు. అక్కకు సేవ చేస్తూ అలిసిపోయి ఉంటుంది.

జూలై 1

పాత గార్డును కలిశాను. సాన్ అన్నాడు. ఏ సాన్ అంటే, "ఇంజన్ సాన్" అన్నాడు.

జూలై 4

పువ్వులావిడకు కళ్లు కనిపించవు. నా చెయ్యి తడిమి, "ఎవరి తాలూకు నాయనా" అంది. లూ డ్రైవరు అల్లుణ్ణి అంటే, "ఆ పిల్ల బాగుందా? స్టేషన్‌లో పరిగెత్తేది" అంది. బాగుందన్నాను. బాగుందనే అనుకుంటున్నాను.

జూలై 14

ఏడో అక్క మొక్కు తీర్చుకోవడానికి దాలాత్ వెళ్లొచ్చింది. మార్కెట్లో థో వదిన కనపడిందట. మోటారు సైకిలు వెనక చేమంతి కట్టలు తనకంటే ఎత్తున పేర్చుకుని నడిపేస్తోందట.

"ఆపరేషనయిన మనిషిలా లేదు. గుర్రంలా ఉంది" అంది ఏడో అక్క, నా మొహం చూస్తూ.

చాలా సంతోషం. వదిన కోలుకుంది కాబట్టి మియెన్ ఇవాళో రేపో వచ్చేస్తుంది. ఇల్లు ఊడ్చాను. ఆమె దుప్పటి ఉతికి ఆరేశాను.

జూలై 15

దుప్పటి ఆరింది.

జూలై 26

జిల్లా పట్నం నుంచి తిన్ అనే కుర్ర ఆఫీసరు వచ్చాడు. సముద్రం ఒడ్డున పార్కు కడుతున్నారు. ఇంజన్‌ను అక్కడ పెడతారట. పిల్లలు ఎక్కి ఫోటోలు దిగుతారట.

"రంగు మేమే వేయించుకుంటాం బాబాయ్. సాన్ వేస్తాం."

"ఏ సాన్?"

"సాన్ అంటే సానే. అటు సముద్రం ఉంది, ఇటు కొబ్బరిచెట్లు ఉన్నాయి. ఏదేసినా కలిసిపోతుంది. ముందువైపు రెండు కళ్లు, నవ్వే నోరు."

"చేతులూ కాళ్లూ కూడా పెట్టి డాన్సు చేయించు" అని తలుపు చూపించాను. పోతూ పోతూ తన ఫోన్ నంబరున్న కాగితం ఇచ్చాడు. దాని వెనక కిరోసిన్ లెక్క రాసుకున్నాను.

ఆగస్టు 1

పదిహేడు లోపల కూర్చుని భోజనం చేస్తున్నాను ఈ మధ్య. ఇంట్లో కంటే చల్లగా ఉంది. పొద్దున వెళ్తే చీకటిపడే దాకా ఎవరితోనూ మాట్లాడే పని పడటం లేదు. ఇవాళ పార్సిల్ ఆఫీసులో ఒకతను టైమెంతని అడిగితే గొంతు పెగలలేదు, దగ్గి చెప్పాల్సొచ్చింది. ఎప్పుడూ లేంది, ఇల్లంటే భయంగా ఉంది.

మియెన్ ఉన్నప్పుడు మాత్రం ఏం మాట్లాడుకునేవాళ్లం? నేను ఇంజన్ల గురించి చెప్పేవాణ్ణి. తను కూరగాయలు తరుగుతూ వినేది. వినేదని అనుకునేవాణ్ణి.

ఆగస్టు 9

తద్దినం దగ్గరికొస్తోంది. ఇప్పుడు రంగు మొదలుపెట్టకపోతే అందదు. దుకాణంలో రెండు డబ్బాలూ విడిగా పెట్టించాను, ఆకు ఒకటి, సముద్రం ఒకటి. ఇక అడగక తప్పదని ఫోన్ చేశాను. ఈసారి తనే ఎత్తింది. వెనక ఏదో వేగుతున్న చప్పుడు.

"మియెన్, ఒక మాట అడగాలి."

"అడుగు." ఆ 'అడుగు' ఎంత మెత్తగా అందో ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది.

"మీ నాన్న బండి సాన్ అన్నావు కదా. ఏ సాన్? ఆకా, సముద్రమా?"

వేగుతున్న చప్పుడు ఆగింది. పొయ్యి ఆర్పినట్టుంది.

"దీనికా ఫోన్ చేశావు?"

"ఇది పదిహేడే మియెన్, ఖాయం. అంకెలు దొరికాయి. గది మాత్రం వేరే బండిది, మీ నాన్న కూర్చున్నది కాదు. చట్రం మాత్రం అచ్చంగా అదే. ఆ రోజు వంతెన మీద ఉన్నది ఇదే."

లైను తెగిందేమోనని రెండుసార్లు హలో అన్నాను.

"తద్దినం ఇక్కడే చేస్తున్నాం, అక్కా నేనూ" అంది. "అంత దూరం నువ్వు రానక్కర్లేదు."

"ఫోటో?"

"నా దగ్గరే ఉంది."

"ఫ్రేము మార్పించావా?"

"లేదు."

పెట్టేసింది.

ఆగస్టు 10

పని చేయలేదు.

ఆగస్టు 11

పని చేయలేదు.

ఆగస్టు 14

కోపంతో రాస్తున్నాను. సూ తాతను జన్మలో పలకరించను.

సాయంత్రం నా దగ్గరికొచ్చి రంగు మొదలెట్టలేదేం అన్నాడు. జరిగింది చెప్పాను. మియెన్ రంగు చెప్పలేదనీ, పైగా తద్దినం కూడా అక్కడే పెట్టుకుంటోందనీ, మూడు నెలల నా కష్టానికి ఒక్క మాట లేదనీ చెప్పాను. ముసలాడు బీడీ వెలిగించుకుని అంతా విన్నాడు.

"దీన్ని తెచ్చే ముందు మియెన్‌ను అడిగావా?"

"సంతోషిస్తుందని..."

"అడిగావా?"

"లేదు."

"మనిషిని పొడిచి చంపిన ఎద్దుని తోలుకొచ్చి ఆ మనిషి కూతురి వాకిట్లో కట్టేశావు. కట్టేసి, కొమ్ములకు ఏ రంగు పూసేది అని ఊరంతా అడుగుతున్నావు. చివరికి ఆ పిల్లనే అడిగావు. నిన్ను గాడిదా అందామంటే గాడిద ఏం పాపం చేసింది?"

నా పని నేను చూసుకుంటాను పొమ్మన్నాను. పోయాడు. చదరంగంలో కూడా ఇలాగే వాగుతాడు.

ఆగస్టు 15

మే 11న ఇంజన్ వచ్చింది. మే 12న మియెన్ వెళ్లింది.

వెనక్కి తిప్పి చూసుకున్నాను. రెండూ నా చేత్తోనే రాశాను. ఒకదాని కింద ఒకటి.

ఆగస్టు 16

నాకు సిగ్గుగా ఉంది. ఎంత సిగ్గంటే అరమీద అత్తగారి ఫోటో వంక చూడలేకపోతున్నాను.

వరండాలో కూర్చున్నాను. మొదటిసారి తన కళ్లతో చూడటానికి ప్రయత్నించాను. పొద్దున లేచి చెంబెడు నీళ్లు పారబోయడానికి తలుపు తీస్తే అది. బట్టలు ఆరేస్తే అది. అన్నం వారుస్తూ తలెత్తితే అది. నేను ఆ మెట్టుని గుడ్డ పెట్టి తుడిచాను. దేన్ని తుడిచానో ఇప్పుడు ఆలోచిస్తున్నాను.

ఆగస్టు 18

కిరోసిన్ లెక్క వెతికి, వెనకున్న నంబరుకు ఫోన్ చేశాను. తిన్ నమ్మలేదు. "నిజంగానా బాబాయ్? మీరు తిట్టారు కదా" అన్నాడు.

"నెలాఖరులోపు తీసుకెళ్లాలి. అదొక్కటే షరతు."

"రంగు గురించి ఏమైనా..."

"మీ ఇష్టం."

"కళ్లు పెట్టుకోవచ్చా?"

"పెట్టుకో. నోరు కూడా పెట్టుకో."

ఫోన్ పెట్టేశాను. పదిహేడుకు నవ్వే నోరు. మూడు నెలలు రుద్దిన వలయాలన్నిటి మీదా ఒక్క పూటలో స్ప్రే కొట్టేస్తారు. తల ఏది, కాళ్లేవి అని ఇక ఎవరూ అడగరు. అడిగితే చెప్పడానికి నేనుండను.

ఆగస్టు 27

పెద్ద లారీ, రెండు క్రేన్లు వచ్చాయి. తల వేరుగా, కాళ్లు వేరుగా విప్పి తీసుకెళ్లారు. ఊరంతా చూడటానికి వచ్చింది. నేను పార్సిల్ ఆఫీసులో కూర్చుని రొయ్యల బుట్టలు తూచాను. చప్పుడు వినపడుతూనే ఉంది.

సాయంత్రం సూ తాత వచ్చి పక్కన కూర్చున్నాడు. మాట్లాడనని రాసుకున్నాను కాబట్టి మాట్లాడలేదు. బీడీ ఇచ్చాడు. నాకు అలవాటు లేకపోయినా కాల్చాను.

ఆగస్టు 29

ఎల్లుండి తద్దినానికి దాలాత్ వెళ్తున్నాను. రావద్దనలేదు తను. రానక్కర్లేదు అంది. రెంటికీ తేడా ఉందని నాకు నేనే చెప్పుకుంటున్నాను. తేడా లేకపోతే తిరుగు బస్సు ఉండనే ఉంది.

ఆగస్టు 31, దాలాత్

థో వదిన తలుపు తీసి, "ఆహా, మరిదిగారు! ఇంజన్ దారి తప్పి కొండెక్కిందే" అంది. మియెన్ వెనక వసారాలో వెల్లుల్లి ఒలుస్తూ ఉంది. నన్ను చూసి లేవలేదు. జుట్టు పాపిట దగ్గర తెల్లగా ఉంది. రంగు వేసుకునేదన్నమాట, ఇక్కడికొచ్చాక మానేసింది.

ఏం చెప్పాలో బస్సులో కంఠతా పట్టాను. ఒక్క ముక్కా రాలేదు. తను వెల్లుల్లి ముందుకు జరిపింది. పక్కన పీట వేసుకుని ఒలుస్తూ కూర్చున్నాను.

"ఇంజన్‌ను పంపేశాను" అన్నాను.

"ఎక్కడికి?"

"పట్నం పార్కుకి. నిన్ను అడగకుండా తెచ్చాను. తప్పు చేశాను మియెన్."

తను ఒలుస్తూనే ఉంది. వదిన లోపల గిన్నెలు కడగడం ఆపేసి వింటోందని తెలుస్తూనే ఉంది.

"నన్ను రంగు అడిగావు" అంది చివరికి.

"ఇక అడగను."

"పెళ్లయిన కొత్తలో కూడా ఇలాగే అడిగావు. తినేటప్పుడు, పడుకునేటప్పుడు, మీ నాన్న ఇంజన్ ఏ రంగు, ఏ రంగు అని. ఏదో ఒకటి చెప్పకపోతే వదలవని సాన్ అన్నాను." తల ఎత్తి నన్ను చూసింది. "రంగు నేనెప్పుడు చూశాను? బండి వస్తోందంటే పరిగెత్తేదాన్ని. పైన కిటికీలో నాన్న మొహం కనపడేది. అది చూసేదాన్ని. దాని కింద ఏ రంగుందో ఎవరు చూస్తారు?"

ఇన్నేళ్లు ఒక్క మాట మీద ఇల్లు కట్టుకున్నాను. నా నోరు మూయించడానికి అన్న మాట అది.

"మీ నాన్న ఎలా ఉండేవాడు?" అన్నాను.

ఇరవై అయిదేళ్లలో ఈ ప్రశ్న నేనెప్పుడూ అడగలేదు. ఆయన బండి నంబరు నాకు తెలుసు, ఆయన రూటు తెలుసు, మందుపాతరలుంటే ముందు వాటి కిందే పేలాలని ఆయన ఇంజన్ ముందు తోసుకెళ్లిన ఖాళీ పెట్టెలెన్నో తెలుసు.

తను చెప్పడం మొదలుపెట్టింది. వదిన కూడా వచ్చి కూర్చుని, నువ్వు చిన్నదానివి నీకేం తెలుసు, అంటూ మధ్యలో దూరింది. ఆయనకు కప్పలంటే భయం. వానాకాలం పెరట్లోకి వెళ్లాలంటే కూతుళ్లను ముందు నడిపించేవాడు. పేకాటలో పిల్లల్ని కూడా మోసం చేసేవాడు, పట్టుబడితే అలిగేవాడు. టోపీలో ఉడకబెట్టిన పల్లీలు దాచుకుని తెచ్చేవాడు, తల మీద ఎప్పుడూ పల్లీల వాసన. పాట పాడితే పక్కింటివాళ్లు తలుపులు వేసుకునేవాళ్లు. మియెన్ ఏడుస్తూ నవ్వింది. వదిన నవ్వుతూ ఏడ్చింది. నేను వెల్లుల్లి ఒలుస్తూ విన్నాను. మధ్యలో ఒక్కసారి కూడా ఇంజన్ గురించి అడగలేదు. అడగాలనిపించలేదని రాస్తే అబద్ధం. వంతెనకు ముందు స్టేషన్‌లో ఇంజన్ మార్చేవాళ్లా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

పచ్చి అరటికాయ వేసి చేపల కూర వండారు. ఆయనకు అది ఇష్టమట. అగరుబత్తులు నా చేతికే ఇచ్చింది మియెన్. ఫోటో ముందు నిలబడ్డాను. మామయ్యా, కప్పలంటే నాకూ భయమే అని చెప్పుకున్నాను.

సెప్టెంబర్ 2

బస్టాండు దాకా మియెన్ వచ్చింది. సాగనంపడానికే అనుకున్నాను. చేతిలో సంచి ఉంది. దారిలో తినడానికి నాకేదో కట్టిందనుకున్నాను. నిన్నంతా ఇంటికి రమ్మని అడగాలనుకుని, అడిగితే ఏమంటుందోనని ఊరుకున్నాను.

టిక్కెట్ల దగ్గర పెద్ద వరస ఉంది. మంచులో అందరూ కాళ్లు ఆడిస్తూ నిలబడ్డారు. నా వంతు వచ్చింది. లోపలి అమ్మాయి తల ఎత్తకుండా "ఎన్ని?" అంది.

ఒకటి అనబోయాను. ఎప్పుడూ అంతే కదా నేను, ఎదుటివాళ్ల జవాబు కూడా నేనే చెప్పేసుకుంటాను. వెనక్కి తిరిగి, అందరూ వింటుండగా అడిగాను.

"మియెన్, ఎన్ని తీసుకోను?"

తను నావైపు చూసింది, సంచివైపు చూసుకుంది.

"ఇంటి ముందు ఇప్పుడేముంది?"

"ఏమీ లేదు. గడ్డి. ఏడో అక్క మేకను కట్టేస్తోంది."

"మేక ఏ రంగు?"

ఆలోచించాను. నాలుగు రోజులు కళ్లెదుట తిరిగిన మేక. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

"చూడలేదు" అన్నాను.

మియెన్ నవ్వింది. మే నెలలో నవ్వినట్టు కాదు.

"రెండు తీసుకో. వెనకవాళ్లు తిట్టుకుంటున్నారు."